కృతిభర్త ఎండీగారు

ఉద్యోగి రాసిన మాట ఉద్యోగిదేనన్న మూఢనమ్మకం ఈ మధ్య కుర్రకారులో బాగా ప్రబలుతోంది. మా యాడ్ ఏజెన్సీలో కొత్తగా చేరిన అమ్మాయి, నగల షాపు హోర్డింగ్ కింద నిలబడి వాళ్ళ నాన్నకు వీడియో కాల్ చేసి "ఆ లైను నాదే నాన్నా" అంటుంటే విన్నాను. "నీ పేరెక్కడుందమ్మా?" అన్నాడాయన. పాపం, ఇద్దరికీ చట్టం తెలియదు.

1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చాలా దయగలది. ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొట్టమొదటి యజమాని జీతమిచ్చేవాడే. ఆస్తి మన చేతిలో ఒక్క క్షణం కూడా ఉండదు కాబట్టి పోతుందన్న టెన్షనూ ఉండదు. ఇరవై రెండేళ్ళుగా రాస్తున్నాను, ఒక్కదాని మీదా నా పేరు లేదు. బీపీ కూడా లేదు.

మన పూర్వులకు ఇంత ముందుచూపు లేకపోయింది. రాసినవాడు కృతికర్త, అంకితం పుచ్చుకున్నవాడు కృతిభర్త అన్నారు. అంటే కావ్యం కన్య, కవి కన్నతండ్రి, రాజు అల్లుడు. మర్యాదలు అల్లుడికి జరగాలా, మామగారికా? మనుచరిత్ర అందుకున్న నాడు రాయలవారు పెద్దన పల్లకీని తన చేత్తో ఎత్తారట, గండపెండేరం తానే తొడిగారట. పెద్దన పేరిట ఉన్న చాటువు చెబుతున్న మాటే ఇది. పైగా ప్రతి ఆశ్వాసం చివరా గద్యలో కవి పేరే! ఆముక్తమాల్యద కూడా పెద్దనే రాసిపెట్టాడని ఓ గుసగుస ఉండనే ఉంది. విజయనగరంలో ఒక హెచ్ఆర్ డిపార్ట్‌మెంట్ ఉండి ఉంటే ఇంత అప్రతిష్ఠ వచ్చేదా?

ఇప్పుడు ముహూర్తాల బెడద లేదు. ఆఫర్ లెటర్ మీద సంతకం పడిన రోజే, పుట్టబోయే ఆడపిల్లలందరికీ కలిపి ఒకేసారి కన్యాదానం.

57వ సెక్షన్ ఒక్కటే పంటి కింద రాయి. హక్కులు ఎవరి చేతికి పోయినా 'ఇది నేను చేశాను' అని చెప్పుకునే హక్కు కర్తకు మిగులుతుందట. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో గోడ మీది శిల్పాన్ని ప్రభుత్వం పీకి గోదాములో పడేస్తే, శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఈ సెక్షన్ పట్టుకునే కోర్టుకెక్కారు. మిగిలిన ముక్కలు తిరిగిచ్చి 5 లక్షలు కట్టమని 2005లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. సొంత గోడ, సొంత గోదాము, ఖర్చు మాత్రం అదనం! ఆయన ఉద్యోగి కాకపోబట్టి మా ఎండీగారు కాస్త తెరిపిన పడ్డారు.

ఈ సెక్షన్ మా ఆఫీసులోనూ అమలైంది. అక్షయ తృతీయ ముందు రాత్రి పదకొండు గంటలు. 'తరుగు లేని నగలు' అని అమ్మాయి రాసిన ప్రకటన పేపరుకు వెళ్ళబోతోంది. ఎండీగారి వాట్సాప్ వచ్చింది: "తరుగు అశుభం. మెరుగు అని మార్చండి." డీటీపీ కుర్రాడు తరుగు తీసేసి మెరుగు పెట్టాడు. మిగతాది ముట్టుకోమని ఎవరూ చెప్పలేదు. తెల్లారేసరికి అరపేజీలో, బంగారు రంగులో, 'మెరుగు లేని నగలు'.

"ఇది రాసిందెవరు?" అన్నారు ఎండీగారు. ఆ ప్రశ్న మా ఆఫీసులో వినపడటం అదే మొదటిసారి. అంతకు నెల ముందు ఆ అమ్మాయి లైనుకే అవార్డు వచ్చినప్పుడు, శాలువా కప్పించుకుంటూ కూడా ఆయనకు ఈ సందేహం రాలేదు. కోడలు ముగ్గేస్తే మా ఇంటి కళ, పాలు పొంగిస్తే పుట్టింటి పెంపకం.

మధ్యాహ్నానికి మెమో టైపయింది: "పై ప్రకటనను నేనే రచించితినని ఇందుమూలముగా అంగీకరిస్తున్నాను." కింద ఆమె ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, ఎంప్లాయీ నంబరు, ఆఫీసు సీలు. అమ్మాయి రెండుసార్లు చదివి, సంతకం పెట్టింది.

"సార్, ఒక జిరాక్స్ ఇప్పిస్తారా? నాన్నకు చూపించాలి" అంది.