కాలు పోయిన డ్రైవర్‌కి అరవై శాతమా, నూరు శాతమా?

లారీ డ్రైవర్. వయసు 40, జీతం నెలకు 15,000. ప్రమాదంలో కుడి కాలు మోకాలి పైన, తొడ మధ్యకి కింద తీసేశారు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం పట్టికలో ఆ గాయానికి సంపాదన శక్తిలో 60 శాతం నష్టమని ఉంటుంది. బీమా కంపెనీ లాయరు పట్టుకునేది ఆ పట్టికనే. మరి ఆ మనిషి మళ్లీ లారీ ఎక్కగలడా?

లెక్క చూడండి. జీతంలో 60 శాతం 9,000 (ఇది పరిహారం లెక్కకు చట్టం తీసుకునే జీతం వాటా, పట్టికలోని 60 కాదు). దాన్ని 40 ఏళ్లకు చట్టం ఇచ్చిన గుణకం 184.17తో హెచ్చిస్తే 16,57,530 రూపాయలు. సంపాదన శక్తి పూర్తిగా పోయిందని తేలితే రావాల్సింది అది. పట్టికకే కట్టుబడితే 9,94,518. తేడా ఆరున్నర లక్షల పైమాటే. మోచేతి పైన ఎడమ చేయి పోయిన వడ్రంగికి పూర్తి పరిహారం ఇవ్వాల్సిందేనని 1975లోనే ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఒంటి చేత్తో వడ్రంగం సాగదు కదా.

కాబట్టి లాయరుని అడగాల్సిన మొదటి ప్రశ్న ఫీజు గురించి కాదు, డాక్టరు సాక్ష్యం గురించి. పింఛను కోసం తెచ్చుకున్న సదరం సర్టిఫికెట్ శరీర వైకల్యాన్ని చెబుతుంది. చేసే పనికి ఎంత నష్టమో చెప్పదు. వైద్యం చేసిన డాక్టరే వచ్చి చెబితే బలం. కేసు కోసం ఒక్కసారి చూసి కాగితం రాసిచ్చిన డాక్టరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడడం కష్టం.

ఇక కేసు ఎక్కడ వేయాలి? మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్, లేబర్ కమిషనర్, రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి. తప్పు గాయపడిన డ్రైవర్‌దేనని ఎఫ్ఐఆర్‌లో ఉంటే ట్రిబ్యునల్‌లో చిక్కే. కమిషనర్ దగ్గర తప్పెవరిదన్న ప్రశ్న రాదు, డ్యూటీలో జరిగిందా లేదా అన్నదే చూస్తారు. కమిషనర్ దగ్గర గడువు రెండేళ్లు. ఈఎస్ఐ ఉన్నవాళ్లకు ఈ దారి లేదు, అక్కడే తీసుకోవాలి. 2025 నవంబర్ 21 నుంచి ఆ 1923 చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది కాబట్టి ప్రమాదం తేదీ చూసి ఏ చట్టమో లాయరే చెప్పాలి.

జీతం రుజువు దగ్గర చాలా కేసులు నీరుగారిపోతాయి. ఓనరు చేతికిచ్చిన డబ్బుకు కాగితం ఉండదు. ట్రిప్ షీట్లు, ఫోన్‌పే చెల్లింపులు దాచుకోవాలి.

వచ్చినదాంట్లో ఇంత శాతం అని లాయరు ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం, జరిగేది మాత్రం ఎక్కువగా అదే. వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని పెడుతుంది. ఫోన్ 15100.

ఆసుపత్రి మంచం దగ్గరే ఓనరు రెండు లక్షలిచ్చి సంతకం పెట్టించుకున్నా కంగారుపడనక్కర్లేదు. హక్కు వదులుకుంటున్నట్టు రాసిన ఒప్పందం చెల్లదు. పరిహారం ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది. దానికి తోడు కమిషనర్ 50 శాతం దాకా జరిమానా వేస్తే అది బీమా కంపెనీ కట్టదు, ఓనరు జేబులోంచే పోవాలి. ఓనరుకి పంపే నోటీసులో ఆ మాట రాయించండి.