షీ-రా మీసం

పార్సిల్ విప్పగానే ముందు కనిపించింది మీసం.

బొమ్మ పేరు షీ-రా. కార్టూన్ వీరుడు హీ-మ్యాన్‌కు కవల సోదరి. 1985లో మ్యాటెల్ కంపెనీ తెచ్చిన రాకుమారి. ఎత్తు ఐదున్నర అంగుళాలు, దువ్వుకోవడానికి పొడవాటి బంగారు జుట్టు, చేతిలో కత్తి, డాలు. కిరీటాన్ని తలకిందులు చేసి పెడితే కళ్ళకు ముసుగవుతుంది. యుద్ధానికెళ్ళే పిల్లకు కత్తితో పాటు దువ్వెన కూడా ఇచ్చి పంపారు చూడండి, అక్కడే నేను పడిపోయాను.

అమ్మినవాళ్ళు ఫొటోలో ఈ పిల్లను అటు తిప్పి ఎందుకు నిలబెట్టారో అప్పుడర్థమైంది. ఎప్పుడో ఎవడో బుడతడు బాల్‌పెన్నుతో కోరమీసం దిద్దాడు. చేయి తిరిగినవాడే, రెండు వైపులా మెలి సమానంగా వచ్చింది.

"అచ్చం మా పెదనాన్నే!" అన్నారు మావారు. ఆయన మాట నేను పట్టించుకోను. ఒకసారి బార్బీ వీపు మీద 1966 అని చూసి, అరవై ఏళ్ళ నాటి బొమ్మ దొరికిందని ఇల్లంతా చాటింపు వేశారు. అది ఆ ఒంటి అచ్చు మీద హక్కులకు వేసిన ఏడాదండీ, తొంభైల్లో తయారైన బార్బీల మీద కూడా అదే అంకె ఉంటుందంటే మొహం ముడుచుకున్నారు.

సబ్బు పెట్టి రుద్దాను. స్పిరిట్ పెట్టాను. మీసం కదల్లేదు. బొమ్మ ఒంటి మెత్తటి వినైల్ ప్లాస్టిక్ ఇంకును లోపలికి పీల్చేసుకుంటుంది మరి. దానికి బొమ్మలు సేకరించేవాళ్ళు చెప్పే మందు మొటిమల క్రీము. అందులో ఉండే బెంజాయిల్ పెరాక్సైడ్ ఇంకు రంగును విరిచేస్తుంది. పూసి, ఆరిపోకుండా పల్చటి ప్లాస్టిక్ చుట్టి, ఎండలో పెట్టాలి.

మా అమ్మాయి ట్యూబు తెచ్చాను. టూత్‌పిక్‌తో, ఊపిరి బిగబట్టి, గీత దాటకుండా మీసం మీద మాత్రమే పూశాను. తల చుట్టూ ప్లాస్టిక్ చుట్టి కిటికీలో కూర్చోబెట్టాను. అటుగా వచ్చిన అత్తగారు, "ఆ పిల్లకు ఊపిరాడుతుందా?" అని అడిగి వెళ్ళారు. అయిదు రోజులూ రోజుకోసారి క్రీము మార్చాను. ట్యూబు చప్పబడిపోయింది.

"మొటిమలు నాకూ, వైద్యం దానికా?" అని మా అమ్మాయి గొడవ.

ఆరో రోజు ప్లాస్టిక్ విప్పాను. ఇంకు చుక్క లేదు. మీసం మాత్రం ఉంది. తెల్లగా.

క్రీము ఇంకుతో పాటు ఒంటి రంగు కూడా లాగేసింది. కాస్త అటూ ఇటూ పూసి ఉంటే అంచులు కలిసిపోయేవేమో. నా పనితనం కొద్దీ మెలితో సహా అచ్చు గుద్దినట్టు తేలింది. కిటికీ ఎక్కేటప్పుడు సర్వీసులో ఉన్న ఇన్‌స్పెక్టరు, దిగేసరికి రిటైరయ్యాడు.

కిరీటం తిప్పి ముసుగు పెట్టి చూశాను. అది కళ్ళ దాకానే వస్తుంది. తెల్ల మీసాల దొంగ తయారయ్యాడు. చివరికి చెయ్యి పైకెత్తి, డాలు నోటికి అడ్డం వచ్చేలా సర్ది, అద్దాల బీరువాలో నిలబెట్టాను. యుద్ధభంగిమ అనుకుంటారులే అని నా ధైర్యం.

సాయంత్రం అత్తగారు బీరువా ముందు ఆగారు. కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"పాపం, పన్ను నొప్పా?"