ముందు 1954 గాడ్జిల్లా చూపిద్దాం

మన పిల్లలకు తెలిసిన సినిమా రాక్షస మృగం గాడ్జిల్లా, కింగ్ కాంగ్ అనే పెద్ద కోతితో కుస్తీ పట్టేది. ఆ సరదా ఉండనివ్వండి. కానీ సంఘం తరఫున సినిమా వేస్తే మాత్రం, 1954 నవంబరు 3న జపాన్‌లో తోహో సంస్థ విడుదల చేసిన నలుపు తెలుపు చిత్రమే వేయాలి.

ఆ ఏడాది మార్చి 1న బికినీ దీవుల్లో అమెరికా హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. దాని రేడియోధార్మిక బూడిద 23 మంది ఉన్న జపాన్ చేపల పడవ మీద పడింది. పడవలోని రేడియో ఆపరేటర్ సెప్టెంబరులో కన్నుమూశాడు. సినిమా కూడా సముద్రంలో ఓ పడవ తగలబడటంతోనే మొదలవుతుంది. అది దేన్ని గుర్తుచేస్తోందో అక్కడి ప్రేక్షకులకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

తెర మీద మృగం ఎత్తు 50 మీటర్లు. సెట్లో ఉన్నది రబ్బరు తొడుగు వేసుకున్న మనిషి, చుట్టూ 25వ వంతుకు కట్టిన టోక్యో. 50 మీటర్ల నుంచి ఇటుక కిందపడటానికి మూడు సెకన్లు దాటుతుంది, సెట్లో దానికి సమానమైన 2 మీటర్ల నుంచైతే సుమారు 0.64 సెకను చాలు. ఆ తేడా ఐదు రెట్లు. అందుకే కెమెరాను వేగంగా నడిపి, మామూలు వేగంతో చూపిస్తేనే కూలే గోడకు బరువు వస్తుంది. అలా తీస్తే ఒక్కో ఫ్రేముకు అందే వెలుగు తగ్గుతుంది, లైట్లు పెంచాలి. లైట్లు పెంచితే లోపలి మనిషి ఉడికిపోతాడు. దాదాపు 100 కిలోల ఆ తొడుగులో హరువో నకజిమా ఏకబిగిన కొద్ది నిమిషాలే నిలవగలిగేవాడు. ట్రిక్కు దృశ్యాల సూత్రధారి ఎయిజీ త్సుబురాయా పనితనం మనకు కనిపిస్తుంది, నకజిమా పడ్డ పాట్లు కనిపించవు. ఇక ఆ గర్జన! డబుల్ బాస్ అనే పెద్ద తీగవాద్యం తీగను వదులు చేసి, పైన్ బంక పూసిన తోలు చేతితొడుగుతో రుద్ది, రికార్డు చేసిన టేపును నిదానంగా తిప్పితే వచ్చిన శబ్దం అది.

1956లో అమెరికా పంపిణీదారులు నటుడు రేమండ్ బర్‌ను విలేకరిగా జొప్పించి, 96 నిమిషాల చిత్రాన్ని 80కి కుదించారు. రైల్లో ఓ యువతి తాను నాగసాకి బాంబు నుంచి బయటపడ్డానని చెప్పే మాట అందులో లేదు. అది తీసేశాక మిగిలేది ఊళ్లు కూల్చే జంతువు మాత్రమే. కాబట్టి అమెరికా విలేకరి కథ చెబుతుంటే ఆ ప్రతిని పక్కన పెట్టి, ఇంగ్లిషు సబ్‌టైటిళ్లున్న జపాన్ ప్రతి తెప్పించండి.

మరీ చిన్నపిల్లలకు వద్దు. ఆసుపత్రిలో ఓ పాప దగ్గర రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటర్ పెట్టి, శాస్త్రవేత్త తల అడ్డంగా ఊపే దృశ్యం వాళ్లు తట్టుకోలేరు. హైస్కూలు పిల్లలకైతే ఆ దృశ్యం తర్వాత ఒక్క నిమిషం ఆపి, చేపల పడవ సంగతి చెప్పండి.