సవరణ: ‘మాగట్ బ్రెయిన్’లో డ్రమ్స్ తగ్గించింది రీమాస్టర్ కాదు

అమెరికన్ ఫంక్-రాక్ బ్యాండ్ ఫంకడెలిక్ 1971 ఆల్బమ్ ‘మాగట్ బ్రెయిన్’ 2005 రీమాస్టర్ (పాత రికార్డింగ్ శబ్దాన్ని మళ్లీ సరిచేసిన) సీడీ గురించి మొన్న రాస్తూ, మొదటి పాటలో డ్రమ్స్, బాస్ వినపడకుండా పాడుచేశారని కోప్పడ్డాను. అది తప్పు. పది నిమిషాల ఆ పాటలో బ్యాండ్ గిటారిస్ట్ ఎడ్డీ హేజెల్ గిటార్ ఒక్కటే నిలవాలని, వాయిద్యాల శబ్దాలను కలిపే మిక్సింగ్‌లోనే మిగతా వాయిద్యాలను దాదాపు వినపడనంతగా తగ్గించేసింది బ్యాండ్ నాయకుడు జార్జ్ క్లింటన్. పాత ఎల్పీ రికార్డులోనూ అంతే.

పైగా అదే సీడీ చివర్లో బ్యాండ్ మొత్తం వినిపించే వేరే మిక్స్ ఉంది. అక్కడిదాకా వినకుండానే రాసేశాను, మన్నించండి. నిన్న రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. గిటార్ ఏడుస్తుంటే వెనక డ్రమ్స్ దెబ్బ ఎంత స్పష్టంగా ఉందో! రీమాస్టర్‌లో సౌండ్ పెంచడంతో గిటార్ మెత్తదనం పోయిందన్న నా అభిప్రాయం మాత్రం మారలేదు.