ఏసీ గదిలో పాసైన ట్యాబ్

మే నెల మధ్యాహ్నం గన్నవరం ఎయిర్‌పోర్టులో, విమానం పక్కన నిలబడి, విమానాలు రిపేరు చేసే మాకు మాన్యువల్ చూసుకోమని ఇచ్చిన ట్యాబ్ చూడండి. తెర మీద మీ మొహమే కనిపిస్తుంది, మాన్యువల్ కాదు. చాలా ట్యాబ్‌లు 35 డిగ్రీల దాకానే వాడాలని తయారీదారులే చెబుతారు. బెజవాడలో 45 దాటిన రోజులూ ఉన్నాయి. కాసేపటికి వేడెక్కి, వెలుగు తగ్గించుకుని, ఆనక పనే మానేస్తుంది. ఆ హక్కు మాకెక్కడిది!

హైడ్రాలిక్ ఆయిల్, అదే స్కైడ్రాల్, చర్మానికి తగిలితే మంట. అందుకే గ్లౌజులు. గ్లౌజులతో తాకితే తెర పలకదు. విప్పి, చేయి తుడుచుకుని, రెండు వేళ్లతో వైరింగ్ బొమ్మ పెద్దది చేసేలోపే లాగౌట్. మళ్లీ పాస్‌వర్డ్. విమానం చక్రాలు ముడుచుకునే గదిలో తల వంచి, సంకలో టార్చి ఇరికించుకుని కొట్టాలి. అవతల ఫ్లైట్ లేటవుతోందని వాకీటాకీలో కేకలు.

"టెస్ట్ చేసే ఇచ్చాం కదండీ" అంటారు ట్యాబ్ ఇచ్చినవాళ్లు. ఎక్కడ? ఏసీ గదిలో, కుర్చీలో కూర్చుని. ఐదుగురితో వాడించి చూసినా చాలా లోపాలు బయటపడతాయని, వాడకం సులువుగా ఉందా లేదా అన్నదాని మీద పనిచేసే నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు. ఆ ఐదుగురిలో ఒక్కరి చేతికైనా గ్రీజు ఉండొద్దా? ఈసారి మా షిఫ్టులోంచి ఒకణ్ణి పిలవండి బాబూ, గ్లౌజులు మేమే తెచ్చుకుంటాం.