నేను తీసిన గాడిలో జిగురు పోసే హక్కు ఎవరిచ్చారు?

ఈ ఉదయం ఒక ఇంటి యజమాని ఫోన్ చేసి, "ఏం మేస్త్రీ, పచ్చి టేకు పెట్టావా? పూజగది తలుపు నడిమికి చీలిపోయింది" అన్నారు. ఆయన కోప్పడినా భరించేవాడిని, కానీ ఆ గొంతులో అనుమానం వినిపించింది. పని వదిలేసి వెళ్లి చూశాను. రెండు రెక్కల్లోనూ కింది ప్యానెల్, అంటే ఫ్రేమ్ మధ్య కూర్చే పలక, పైనుంచి కిందిదాకా నార వెంబడి చీలి ఉంది. ఫ్రేమ్ అంచున సన్న ఉలితో గీకితే, ప్యానెల్ అంచు దూరే గాడి నిండా గట్టిపడిన తెల్ల జిగురు, అది చాలదన్నట్టు వెనుక నుంచి జానెడుకొక మేకు. ఆ గాడి తీసింది నేనే, కానీ ఆ జిగురూ ఆ మేకులూ నావి కావు.

నిరుడు శ్రావణంలో గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడుతుంటే, ఫ్రేమ్ చెక్కలన్నిటికీ, చెక్కను తొలిచే కరెంటు యంత్రమైన రౌటర్‌తో గాడి తీసి, ప్యానెళ్లను ఒకసారి ఉత్తినే కూర్చి చూసి, విప్పి ఇచ్చాను. బిగింపూ పాలిషూ ఆ ఇంటి కాంట్రాక్టరు మనుషులు చూసుకుంటామన్నారు. జిగురు ఫ్రేమ్ మూలల జోడింపులకే గాని ప్యానెల్‌కు ఒక్క చుక్క కూడా తగలకూడదని రెండుసార్లు చెప్పాను. ప్యానెల్ కాస్త కదులుతోందని, వదులుగా ఉంటే యజమాని ఒప్పుకోరని వారికి తోచింది, గాడి నింపేశారు. వదులు కావాలనే ఉంచానని చెప్పిన మాట వారి చెవికి ఎక్కలేదు.

టేకు ఎంత ఆరినా గాలిలోని తేమతో పాటు ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. నార పొడవునా ఆ మార్పు లెక్కలోకి రానంత తక్కువ, అడ్డంగా మాత్రం తప్పించుకోలేనంత ఎక్కువ. 400 మి.మీ. వెడల్పున్న టేకు పలకలో తేమ 4 శాతం తగ్గితే, దుంగను కోసిన తీరును బట్టి, అది ఒకటిన్నర నుంచి 3 మి.మీ. దాకా తగ్గుతుంది. గోదావరి పక్క ఊళ్లలో శ్రావణపు గాలికీ రోహిణీ కార్తె గాలికీ ఉన్న తేడా అందరూ ఎరిగినదే. వానాకాలంలో ఉబ్బి ఉన్న పలకను రెండు అంచులా జిగురుతో పట్టేస్తే, ఎండాకాలంలో అది ఎటు జరగాలి? జరగడానికి దారి లేక నడుమ చీలుతుంది. ఆ చీలికకు చెక్కను తప్పు పట్టడం, ఆ చెక్క తెచ్చిన నన్ను తప్పు పట్టడం అన్యాయం.

36 మి.మీ. మందం ఫ్రేమ్‌లో మూడో వంతు, అంటే 12 మి.మీ. వెడల్పున, 12 మి.మీ. లోతున గాడి తీశాను. ప్యానెల్ అంచు అందులో 10 మి.మీ. దూరుతుంది, మిగిలిన 2 మి.మీ. దాని కదలిక కోసం. అదే ఎండాకాలంలో బిగించి ఉంటే 3కు తగ్గకుండా వదిలేవాడిని, ఎందుకంటే అప్పుడు చెక్క ఉబ్బడానికి చోటు కావాలి. శబ్దం వస్తుందని భయపడేవారు పైనా కిందా సరిగ్గా మధ్యలో ఒక్కొక్క చిన్న మేకు వేస్తే ప్యానెల్ నడుమ నిలబడి ఇరువైపులా సమానంగా జరుగుతుంది. పాలిష్ కూడా ప్యానెల్‌కు బిగించక ముందే, అంచుల దాకా, పట్టించాలి. లేకపోతే ఎండాకాలంలో అది కుంచించుకున్నప్పుడు గాడి పక్కన పాలిష్ తగలని తెల్లని చార బయటపడుతుంది. అది కూడా వారు చేయలేదు.

రౌటర్ ఉంటే గాడి తీయడం ఎంతసేపు, మెషినే కదా చేసేది అనేవారు నాకు రోజూ ఎదురవుతారు. 36 మి.మీ. అంచు మీద రౌటర్ నిలబడదు, ఒరిగిపోతుంది. పక్కన అదే ఎత్తున మరో చెక్క చేర్చి క్లాంప్ వేసి దానికి కూర్చునే చోటు కల్పించాలి. 12 మి.మీ. లోతును ఒక్కసారిగా లాగితే రౌటర్ కోసే మొన, అంటే బిట్, వేడెక్కి చెక్క మాడుతుంది కనుక, 3 మి.మీ. చొప్పున నాలుగుసార్లు నడపాలి. టేకులో ఉండే ఇసుక లాంటి సిలికా బిట్ పదునును తినేస్తుంది, కార్బైడ్ బిట్ అయినా కొన్ని తలుపుల తరువాత మొండిబారుతుంది. రౌటర్‌ను తిన్నగా నడిపే పక్క పట్టీని, అంటే గైడ్‌ను, ప్రతి ముక్కకూ ఎదుటి ముఖానికే ఆనించాలి. ఒక ముక్కకు ముందు నుంచీ మరొక ముక్కకు వెనుక నుంచీ కొలిస్తే మూల దగ్గర గాడులు కలవవు. ఇదంతా చేశాక గాడి నునుపుగా, ప్యానెల్ చేతితో నెట్టితే దిగేటట్టు కుదిరినప్పుడు కలిగే తృప్తి మాటల్లో చెప్పలేను. మా నాన్నగారు ఇదే గాడిని చిత్రికతో, ఉలితో ఒక పూటంతా కూర్చుని తీసేవారు. ఆయన గాడిలో జిగురు పోయడం నేను ఏనాడూ చూడలేదు.

నా అసలు బాధ ఈ తలుపు ఒక్కదానిది కాదు. నేను పనిచేసిన సైట్లలో చెక్క పనిని చదరపు అడుగుల లెక్కన కొంటారు. ఆ లెక్కలో గాడి కనిపించదు, దాని లోపల వదిలిన 2 మి.మీ. అసలే కనిపించదు. కనిపించని పనికి కూలి లేదు గనుక, ఆ పని తెలిసినవాడు అక్కర్లేదని కాంట్రాక్టర్లు తీర్మానించుకున్నారు. పదకొండేళ్ల క్రితం ఒక సైట్‌లో, ఆ రోజే పనిలో చేరిన పద్దెనిమిదేళ్ల కుర్రవాడి చేతికి రౌటర్ ఇచ్చి గాడి తీయమన్నారు. గైడ్ ఆనిన ముఖం మన వైపు ఉంచుకుని ఎడమ నుంచి కుడికి నడపాలని, అలా నడిపితే బిట్ తిరిగే దిశే గైడ్‌ను చెక్కకు అదిమి పెడుతుందని అతనికి ఒక్కరూ చెప్పలేదు. అతను కుడి నుంచి ఎడమకు నడిపాడు. రౌటర్ చేతిలోంచి లాక్కుని ముందుకు దూకింది, ఎడమ చూపుడు వేలి కొస పోయింది. "చూసుకుని చేయాలి కదా" అన్నాడు కాంట్రాక్టరు. నేను పక్క గదిలోనే ఉండి కూడా ఆ కుర్రవాడికి ముందుగా ఆ ఒక్క మాట చెప్పలేకపోయినందుకు నాకు ఇప్పటికీ నిద్ర పట్టని రాత్రులు ఉన్నాయి.

ఈ రోజు ఆ చీలిన తలుపు ముందు నిలబడినప్పుడు నాకు ఆ వేలే గుర్తుకొచ్చింది. చెప్పవలసింది చెప్పకుండా పని చేయించి, తరువాత చెక్కనో కుర్రవాడినో తప్పు పట్టడమే రెండు చోట్లా జరిగింది.

యజమానికి ఆ గాడి చూపించి, జిగురు ముక్క ఒకటి ఊడదీసి ఆయన అరచేతిలో పెట్టి, జరిగింది వివరించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు, తరువాత "మరి నువ్వే బాగుచేసి పెట్టు మేస్త్రీ" అన్నారు. రేపు ఉదయం రెక్కలు రెండూ దింపుతాను. చీలిన ప్యానెళ్లను కోసి తీసేసి, ఫ్రేమ్ మూలల జోడింపులు విప్పి, గాడిలో మిగిలిన జిగురు పూర్తిగా పోయేలా రౌటర్‌తో మరో మి.మీ. వెడల్పు చేసి, కొత్త ప్యానెళ్ల అంచును 13 మి.మీ. గాడికి సరిపడా చేస్తాను. ఎండాకాలం గనుక ఈసారి పక్కకు 3 మి.మీ. వదులుతాను. బిగింపు కూడా నేనే చేస్తానని ఆయనతో మాట తీసుకున్నాను.