స్లైడు పెట్టకముందే బొమ్మ రెడీ

డిగ్రీ బయాలజీ ల్యాబ్‌లో నాకు ఒళ్లు మండే విషయం ఒకటుంది. స్లైడు ఇంకా మైక్రోస్కోప్ కింద పెట్టనే లేదు, రికార్డులో బొమ్మ మాత్రం తయారు. సీనియర్ రికార్డు చూసి దించేసి, షేడింగ్ ఇచ్చి, స్కేలుతో గీతలు కొట్టి భాగాల పేర్లు కూడా రాసేస్తారు. ఆ తర్వాత లెన్సులోకి ఓసారి తొంగిచూసి "కనిపించింది సార్" అంటారు. ఏం కనిపించిందంటే మళ్లీ రికార్డు తెరుస్తారు.

నేనూ తక్కువేం కాదు. ఫస్టియర్‌లో ఉల్లిపొర స్లైడులో గాలిబుడగను చూసి కణం అనుకున్నాను. గుండ్రంగా, నల్లటి మందపాటి అంచుతో, అంత స్పష్టంగా ఇంకేదీ లేదు మరి. కణమన్నాక కేంద్రకం ఉండాలి కదా అని లోపల ఓ చుక్క కూడా పెట్టాను. దానికి టిక్కు పడింది! ఇప్పటికీ నా కోపమంతా ఆ టిక్కు మీదే.

కణ విభజన చూపించడానికి వాడే ఉల్లి వేరుకొననే తీసుకోండి. ఆమ్లంలో మెత్తబరిచి, రంగు పట్టించి, కవర్‌స్లిప్ మీద బొటనవేలితో నొక్కి చూస్తే చాలా కణాలు ఏ పనీ లేకుండా కూర్చున్నట్టుంటాయి. అదే ఇంటర్‌ఫేజ్, అంటే ఒక విభజనకూ మరో విభజనకూ మధ్య దశ (లోపల పని జరుగుతూనే ఉంటుంది లెండి). క్రోమోజోములు కణం మధ్యలో వరుసకట్టే మెటాఫేజ్ కావాలంటే స్లైడంతా గాలించాలి. రికార్డులో మాత్రం విభజన దశలు నాలుగూ నాలుగు డబ్బాల్లో సమానంగా ఉంటాయి. ఎక్కువసేపు నడిచే దశలోనే ఎక్కువ కణాలు దొరుకుతాయన్న సంగతి ఆ డబ్బాల్లో ఎక్కడుంది? ఓ రెండొందల కణాలు లెక్కపెట్టిస్తే పిల్లలే పట్టేస్తారు. ఓ అమ్మాయి "సార్, నా స్లైడు పాడైందేమో, అన్నీ ఒకేలా ఉన్నాయి" అని టెన్షన్ పడిపోయింది. ఆ రోజు క్లాసులో నిజంగా చూసింది ఆ అమ్మాయొక్కతే.

అలాగని "మీరే చూసుకోండి" అని వదిలేయమనడం లేదు. కొత్తవాళ్లకు రంగు మరకా, క్రోమోజోమూ ఒకటే. ఆ మాటకొస్తే ఉద్దండులకే పొంతన కుదరలేదు. ఇటలీ శాస్త్రవేత్త గాల్జి కనిపెట్టిన రంగు పద్ధతినే మెరుగుపరచుకుని స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ నాడీ కణజాలాన్ని చూశాడు. గాల్జికి అంతా ఒకే వలలా తోచింది, కహాల్‌కు విడివిడి కణాలు కనిపించాయి. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇస్తే, గాల్జి ఆ ప్రసంగంలో కూడా తన వల వాదాన్ని వదల్లేదు. చివరికి నిలిచింది కహాల్ మాటే.

ఇప్పుడు నా ల్యాబ్‌లో మొదటి అరగంట రికార్డు తెరవకూడదు. తెల్లకాగితం, పెన్సిలు, అంతే. కనిపించింది గీయాలి, తెలియనిదాని పక్కన ప్రశ్నార్థకం పెట్టాలి. మొన్న పరీక్షకొచ్చిన ఎగ్జామినర్‌కు ఆ కాగితాలు చూపిస్తే మొహం చిట్లించాడు. నీట్‌గా లేవట.